గీత వచ్చేదాకా

మా అడవి వైపు జ్వరమంటే మలేరియానే. ఇంకో మాట ఎవరి నోటా రాదు. చలి పెట్టిందా, వేలు గుచ్చు, గాజుపలక మీద చుక్క పెట్టు, మాత్రలిచ్చి పంపు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయి ఉంటుంది. భద్రాచలానికీ దుమ్ముగూడేనికీ మధ్య రోడ్డు పక్కన ఒక ట్రస్టువాళ్ళ చిన్న దవాఖానా ఉండేది. అందులో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. మాది వైరా దగ్గర తండా. మా వాళ్ళలో నౌకరీకి ఎక్కిన మొదటి ఆడపిల్లనని మా నాయన కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ నౌకరీ అంటే పొద్దస్తమానం పరాయివాళ్ళ కఫమూ మలమూ చూడటమని ఆయనకు తెలియదు, నేనూ చెప్పలేదు. నాకు నోరు ఎక్కువ. "నీ మైక్రోస్కోపు కన్నా నీ గొంతుకే పవర్ ఎక్కువమ్మా" అనేవారు మా డాక్టరుగారు. ఆయనది కోస్తా వైపు. మెత్తగా మాట్లాడి గట్టిగా పని చేయించుకునే రకం.

ఆ యేడు ఆషాఢంలో, అడవి లోపలి ఒక గూడెం నుంచి జ్వరాలు మొదలయ్యాయి. ఒకరి వెనక ఒకరు, కొందరు ట్రాక్టర్ మీద, కొందరు మంచం మీద మోసుకొస్తే వచ్చారు. జ్వరం, పొడి దగ్గు, రొమ్ములో పోటు. చుక్కలు చూశాను. మలేరియా లేదు.

"సరిగ్గా చూశావా?" అన్నారు డాక్టరుగారు.

ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ చూశాను. లేదంటే లేదు. ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తుల నిండా జొన్నరవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఆ ఫిల్ము ఏ డాక్టరుకు చూపించినా ఒకటే మాట, టీబీ. కఫంలో టీబీ క్రిమి ఒక్కటీ లేదని నేను మొత్తుకుంటే, "ఈ రకం టీబీలో కఫంలో కనబడదమ్మా" అన్నారు. అదీ అబద్ధం కాదు. టీబీ మాత్రలు మొదలుపెట్టారు. కొందరు తేరుకుని ఇళ్ళకు పోయారు. మాత్రల మహిమే అనుకున్నాం. ఇద్దరు మగవాళ్ళు చచ్చిపోయారు. టీబీ ఇంతమందిని ఒకేసారి, ఇంత జల్దీగా పట్టుకోదని మా అందరికీ లోపల తెలుసు. కానీ టీబీ కాకపోతే మరేమిటో చెప్పే మొగోడు అక్కడ ఎవడూ లేడు.

చివరికి వార్డులో ఇద్దరే మిగిలారు, ఒక తల్లి, ఆమె కూతురు. తల్లి నెలకు పైగా జ్వరంతో ఉండి ఎముకల గూడయింది. కూతురికి పద్నాలుగో పదిహేనో ఉంటాయి. దానికి జ్వరం తగిలి వారం కూడా కాలేదు, అప్పుడే ఆయాసం. కూర్చుంటే తప్ప ఊపిరి అందదు. తండ్రి ఆ రెండు మంచాల నడుమ నేల మీద కూర్చుని ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసేవాడు. ఎవరికి విసరాలో తెలియక అట్ట ముక్క చేతిలో పట్టుకుని ఊరికే ఉండిపోయేవాడు.

అదే సమయానికి మా డాక్టరుగారి చదువుకున్ననాటి స్నేహితుడు ఒకాయన రాములవారి దర్శనానికి పిల్లాపాపలతో వచ్చి, వెళ్తూ వెళ్తూ మా దగ్గర ఆగాడు. పట్నంలో మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే డాక్టరు. ఫిల్ములు చూశాడు, చాయ్ తాగాడు, వార్డులోకి వెళ్ళి ఆ తండ్రిని ఒక ప్రశ్న అడిగాడు. "జ్వరాలకు ముందు మీ వాళ్ళంతా కలిసి ఏం పని చేశారు?"

ఇన్నాళ్ళలో మేమెవరం ఆ మాట అడగలేదు.

"పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం సాపు చేసిన్రు సార్," అన్నాడు ఆయన. "అది ఏండ్ల సంది మూసి ఉండె. లోపలంత గబ్బిలాలు. వాటి పెంట మోకాలెత్తు పేరుకుంది. మిరప తోటకు మంచి ఎరువని ఆసామి తోడిపించిండు. నేను బయట బండి తోలిన. లోపలికి పోయినోళ్ళంత పండిన్రు."

"అమ్మాయి కూడా వెళ్ళిందా?"

"ముందు పోలె. తల్లి జరంతోటి మూలకు పడ్డది గద, పని సగంల ఆపితె ఆసామి ఊకోడని, ఆఖరుకు ఊడ్వనీకి ఈ పిల్ల పోయింది."

పట్నం డాక్టరు మా ల్యాబులో స్టూలు మీద కూర్చుని డాక్టరుగారికీ నాకూ చెప్పాడు. పాత గబ్బిలాల పెంటలో ఒక రకం బూజు పెరుగుతుందట. పేరు హిస్టోప్లాస్మా. గాలాడని చోట ఆ పెంట తవ్వితే దుమ్ముతో పాటు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చూడటానికి అచ్చం టీబీలా ఉంటుంది. టీబీ మాత్రలు దాన్ని ఏమీ చేయలేవు. దానికి వేరే మందు ఉంది గానీ అది సెలైన్‌లో ఎక్కించేది, మూత్రపిండాలను దెబ్బ తీసేది. అనుమానం మీద ఎక్కిస్తే, ఆ బూజు కాదని తర్వాత తేలితే, పిల్లను మనమే చంపినట్టు. బూజును కఫం నుంచి పెంచి చూద్దామంటే వారాలు పడుతుంది. అంత వ్యవధి ఆ పిల్లకు లేదు.

"రక్తాన్ని అడుగుదాం," అన్నాడాయన. ఒంట్లోకి శత్రువు వస్తే, దానితో పోరాడటానికి శరీరం కొన్ని పదార్థాలు తయారు చేసుకుంటుంది. అవి రక్తంలో ఉన్నాయా లేవా చూస్తే చాలు. కాకపోతే అవి తయారవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. పిల్ల రక్తంలో ఇప్పుడే దొరకవు. తల్లి రక్తంలో దొరకాలి. జ్వరమొచ్చిన మిగతావాళ్ళు వాగుల అవతల ఉన్నారు, వాగులేమో పొంగుతున్నాయి. "తల్లికి తేలితే కూతురికీ అదే. ఇద్దరూ ఒకే దుమ్ము పీల్చారు. నువ్వు తల్లి రక్తంలో గీత చూపించు, నేను మందు పంపిస్తా."

ఆ గీత ఎలా వస్తుందో కాగితం మీద బొమ్మ వేసి నేర్పాడు. గాజుపలక మీద అగర్ అనే సముద్రపు నాచు జిగురు కాచి పోస్తే వడియాల పిండిలా పలచగా పరుచుకుని గడ్డ కడుతుంది. దానిలో మధ్యన ఒక గుంట, చుట్టూ నాలుగైదు గుంటలు తొలచాలి. నడిమి గుంటలో ఆ బూజు నుంచి తీసిన సారం. చుట్టూ గుంటల్లో మనుషుల రక్తపు తేట. రెండూ అగర్‌లో మెల్లగా పాక్కుంటూ వస్తాయి. ఒకదాన్నొకటి గుర్తుపట్టాయా, కలిసిన చోట తెల్లగా గీత పడుతుంది. లేకపోతే ఏమీ ఉండదు. సారమూ, పోల్చి చూడటానికి ఈ జబ్బు వచ్చి తగ్గిన వేరే మనిషి రక్తపు తేటా ఉత్తరాన ఒక పెద్ద సంస్థలో ఉన్నాయని, ఐసు ఫ్లాస్కులో తెప్పించి బస్సుకు వేయిస్తానని చెప్పి వెళ్ళాడు. మాట నిలబెట్టుకున్నాడు. ఆ పొట్లం పొద్దుటి బస్సులో దిగింది. దానికి ముందు రోజు నేను తల్లికి రక్తం తీసి ఉంచాను. ఆ పొద్దునే, బస్సు రాకముందే, తల్లి పోయింది.

నేను అగర్ కాస్తుంటే తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, నా పెండ్లాం నెత్తురు నీ కాడ ఉన్నదంట గద. ఇయ్యి. తీస్కపోవాలె."

"ఏంది?" అన్నాను.

"నిన్న సీసల పట్టినవ్ గద. అది గూడ ఆమెదే. ఆమెతోనే మట్టిల కలవాలె. సగం మనిషిని పంపితె, మిగిలింది యేడున్నదని తిరుగుతనే ఉంటదంట. మా అత్త ఒప్పుకుంటలేదు."

నాకు కోపం నషాళానికి అంటింది. "ఏమయ్యా, బుద్ధున్నదా నీకు? అవతల నీ బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటాంటే నీకు సీసల నెత్తురు కావాల్నా?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. ఆ మనిషి తల ఎత్తలేదు, అడుగు కదల్చలేదు. పెళ్ళాం చచ్చిపోయి ఇంకా పూట గడవలేదని అప్పుడు తట్టింది నాకు. గొంతు తగ్గించి, "మీ అత్తను పిలువు" అన్నాను.

చచ్చిపోయినామె తల్లి వచ్చింది. ముసలిది, గట్టి మనిషి, ఏడ్చిన జాడ లేదు. ఆమెకు తెలుగు రాదు, అల్లుడే అటూ ఇటూ చెప్పాడు. నేను ఫ్రిజ్ లోంచి సీసా తీసి చూపించాను. అప్పటికి అడుగున ఎర్రగా గడ్డ కట్టి, పైన మజ్జిగ మీద తేటలా పసుపు నీళ్ళు తేరుకుని ఉన్నాయి. "ఈ ఎర్రది మీరు తీస్కపోండి, నాకు ఈ నీళ్ళు చాలు" అన్నాను. ఎందుకని అడిగింది. అప్పుడు నేను నాకు తెలిసిన తీరున చెప్పాను. "అవ్వా, నీ బిడ్డ ఒంట్లకు బూజు పోయింది. నెల రోజులు ఆమె నెత్తురు దాంతోటి కొట్లాడింది. ఆ కొట్లాడేటివి ఈ నీళ్ళల్లనే ఉన్నయి. ఆ బూజు సారం ఎదురుంగ పెడితె ఇవి గుర్తుపట్టి మీద పడ్తయి. ఆడ గీత వస్తది. గీత వస్తెనే నీ మనవరాలికి మందు వస్తది."

ముసలామె సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. ఏదో అడిగింది. అల్లుడు వెంటనే చెప్పలేదు. రెండోసారి అడిగితే అప్పుడు చెప్పాడు.

"నా బిడ్డ దీన్ల ఇంకా కొట్లాడుతున్నదా అని అడుగుతుంది."

ఏమని చెప్పాలి? చచ్చిన మనిషి రక్తమైనా ఆ పని అది చేస్తుంది. "అవ్," అన్నాను.

"ఎప్పటిదాకా?"

"గీత వచ్చేదాకా. రేపో ఎల్లుండో."

ముసలామె సీసా నా చేతిలో పెట్టింది. హమ్మయ్య అనుకున్నాను. అల్లుడు ఆమె మాట విని నా వైపు చూశాడు. "అట్లయితె ఆమె ఇంకా పోలేదు. కొట్లాట అయిపోయేదాక మట్టి చెయ్యం అంటుంది. ఆమె పని చేసుకుంటాంటె మేం మీద మన్ను ఎట్ల పోస్తం?"

"అయ్యో రామా! మనిషి పోయిందవ్వా, పోయింది!" అన్నాను.

"నువ్వే గద ఉన్నదన్నవ్," అంది ముసలామె, అల్లుడి నోటి ద్వారా.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఎంత చెప్పినా ఆమె ఇంక వినలేదు. శవాన్ని దవాఖానా దాటనివ్వలేదు. సీసా ఏ కప్పు కింద ఉంటే బిడ్డా ఆ కప్పు కిందే ఉండాలంది. వార్డు వెనక రేకుల పంచలోకి మంచం మోయించింది. మా దగ్గర శవాలకు చల్లగది ఎక్కడిది? వానాకాలపు ఉక్క, ఈగలు. డాక్టరుగారు వచ్చి చూసి తల పట్టుకున్నారు. "ఏంటమ్మా ఇది? ఆసుపత్రా, శ్మశానమా? మిగతా రోగులు ఏమైపోవాలి? ట్రాక్టర్ ఎక్కించి పంపించేయండి!" అని కేకలు వేశారు. తండ్రి నెమ్మదిగా చెప్పాడు, తల్లిని వెళ్ళగొడితే బిడ్డను కూడా మంచంతో సహా తీసుకుపోతామని. పిల్ల ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. దాన్ని పీకి ట్రాక్టర్ ఎక్కిస్తే వాగు దాకా కూడా బతకదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. డాక్టరుగారు నా దగ్గరికొచ్చి, "త్వరగా కానివ్వమ్మా" అన్నారు. అదేమన్నా అన్నం వండటమా, మంట పెంచితే త్వరగా ఉడకడానికి?

గుంటలు తొలిచాను. మధ్యన సారం. ఒక గుంటలో జబ్బు తగ్గిన ఆ తెలియని మనిషి తేట, పక్క గుంటలో తల్లిది, ఆ పక్కన కూతురిది, ఇంకోదాంట్లో జబ్బు లేని మనిషిది ఉండాలి కాబట్టి నాది. పలక ఎండిపోకూడదు. నా స్టీలు టిఫిన్ డబ్బాలో తడి దూది పరిచి, దాని మీద పలక పెట్టి మూత వేశాను. ముసలామె ల్యాబు గుమ్మంలో ఆ డబ్బాకు ఎదురుగా చతికిలబడింది. దోసెడు ఇప్పపువ్వు తెచ్చి డబ్బా ముందు పోసింది. "మూత ముట్టకు, ఎండిపోతది" అని నేను వేలు చూపించి బెదిరిస్తే బుద్ధిగా తలూపింది. అక్కడి నుంచి ఆమె కదిలింది తక్కువ.

భద్రాచలం చేపల బజారు నుంచి ఐసు దిమ్మలు తెప్పించి ఊకలో పొదిగి శవం చుట్టూ పెట్టించాం. సాంబ్రాణి వేశాం. తల్లి పోయిందని పిల్లకు తండ్రే చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. అది ఏడవలేదు. ఏడవడానికీ ఊపిరి కావాలి కదా. నోరు తెరుచుకుని, భుజాలు ఎగరేస్తూ గాలి పీల్చుకుంటూ తండ్రి మొహం వంకే చూసింది.

మర్నాడు మూత తీస్తే ఆ తెలియని మనిషి గుంట ఎదుట గీత వచ్చేసింది. తల్లి గుంట ఎదుట ఏమీ లేదు. ముసలామె నా మొహం చూసి ఇప్పపువ్వును డబ్బాకు ఇంకాస్త దగ్గరగా జరిపింది. ఆ రోజంతా వాన. మధ్యాహ్నానికి ఐసు కరిగిపోయింది, మళ్ళీ తెప్పించాం, మళ్ళీ కరిగింది. ఇంక ఆ వాసన సంగతి చెప్పను. ల్యాబులో నేను స్పిరిట్ దూది ముక్కు దగ్గర పెట్టుకుని పనిచేశాను. పిల్ల పెదవులు నీలంగా మారుతున్నాయని నర్సమ్మ వచ్చి చెప్పింది. గీత రాకపోతే? టీబీయే అయితే? లేక ఇంకేదో పేరు తెలియని జబ్బయితే? ఆ ముసలిదానికి ఏమని చెప్పాలి, నీ బిడ్డ ఓడిపోయిందనా? భయమేసింది నాకు. జీవితంలో అంతగా ఎప్పుడూ భయపడలేదు.

ఆ తర్వాతి పొద్దున పలకను నల్ల గొడుగు గుడ్డ మీద పెట్టి పక్క నుంచి టార్చి లైటు వేశాను. తల్లి గుంటకూ నడిమి గుంటకూ మధ్య వెంట్రుక వాసి గీత. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. ఉంది. దాని కొస వంగి, పక్కనున్న ఆ తెలియని మనిషి గీత కొసతో కలిసిపోయింది. అలా కలిస్తేనే అది ఈ బూజు అని లెక్క. నా గుంట ముందు ఏమీ లేదు. పిల్ల గుంట ముందూ ఏమీ లేదు. "సార్!" అని నేను పెట్టిన కేకకు వంటగదిలోంచి ఆయా కూడా పరిగెత్తుకొచ్చింది.

డాక్టరుగారు వంగి, కళ్ళద్దాలు తీసి, పెట్టుకుని చూశారు. "అవునమ్మా," అన్నారు. ఎస్టీడీ బూతుకు వెళ్ళి పట్నం డాక్టరుకు ఫోన్ చేశాం. "రెండు గీతలూ కలిశాయా?" అని ఒక్కటే అడిగాడు. కలిశాయన్నాను. సాయంత్రం బస్సుకు మందు వేయిస్తానన్నాడు.

తిరిగొచ్చేసరికి ముసలామె లేచి నిలబడి ఉంది. గీత చూపించాను. ఆమె కళ్ళకు అది ఆనిందో లేదో నాకు తెలియదు. గొడుగు గుడ్డ మీద పలకను అటూ ఇటూ తిప్పి చూసి, అల్లుడితో ఒక మాట అంది.

"అయిపోయిందా అని అడుగుతుంది."

"అయిపోయింది. గెలిచిందని చెప్పు."

ఆయన చెప్పాడు. అప్పుడు ఏడ్చింది ముసలామె. గుమ్మం పట్టుకుని, పెద్ద గొంతుతో, ఇన్ని గంటలుగా దాచుకున్నదంతా ఏడ్చింది. ఎర్ర గడ్డ ఉన్న సీసా, మిగిలిన తేట, ఆ గాజుపలక అన్నీ అడిగింది. పలకను ఫోటో తీయించి దాచుకోవాలని డాక్టరుగారి ఆశ. ఆయన కాసేపు దాన్ని పట్టుకుని నిలబడి, "ఇచ్చేయమ్మా" అన్నారు. వాగు ఇవతలి ఒడ్డున మట్టి చేయడానికి వానలోనే ట్రాక్టర్ కదిలింది.

సాయంత్రం మందు వచ్చింది. సెలైన్‌లో అది ఎక్కుతుంటే పిల్ల మంచం కోళ్ళు నేల మీద టకటకలాడేలా వణికింది. నలుగురం పట్టుకున్నాం. రోజూ మూత్రం కొలిచాం, రోజూ రక్తం చూశాను. వారం దాటాక మొదటిసారి పడుకుని నిద్రపోయింది. వాగులు తగ్గాక మా డాక్టరుగారు గూడెంలోకి పోయి, ఇంకా దగ్గుతున్నవాళ్ళను వెతికి పట్టుకుని బూజుకు పనిచేసే క్యాప్సూల్స్ మొదలుపెట్టారు. ఆ బ్యారన్ ఆసామి కూడా ఒకసారి వచ్చాడు, దగ్గు అంటుకుంటుందా అని కనుక్కోవడానికి. ఆ పిల్ల ఎలా ఉందని మాత్రం అడగలేదు. నేను నాలుగు మాటలు తగిలించాను. డాక్టరుగారు బ్యారన్‌ను మందు నీళ్ళతో తడిపించి తాళం వేయించారు. పోయినవాళ్ళు పోయారు.

దసరా ముందు పిల్ల తండ్రితో వచ్చింది, మళ్ళీ ఒకసారి రక్తం చూడటానికి. బస్సు దిగి ఎగశ్వాస లేకుండా నడిచొచ్చింది. బుగ్గలు కాస్త నిండాయి. తండ్రి డాక్టరుగారి దగ్గర ఉంటే పిల్ల ఒక్కతే ల్యాబులో నా ఎదుట కూర్చుంది. సంతోషం పట్టలేక నేను వాగుతూనే ఉన్నాను. దాని చేతికి రబ్బరు కడుతూ, మీ అమ్మే నిన్ను బతికించింది బిడ్డా, ఆ గీత రాకపోతే ఏమయ్యేదానివో అని ఏదేదో అంటున్నాను. అది నా చేతుల వైపే చూస్తూ కూర్చుంది.

"మా అమ్మను నా కిటికీ అవతలనే పెట్టిన్రు గద," అంది.

తీసిన సూదిని మళ్ళీ ట్రేలో పెట్టాను.

"రెండోనాడు వాసనొచ్చింది. నర్సమ్మ కిటికీ మూయనీకి వచ్చింది. మూస్తె నాకు గాలి ఆడది. నేనే ఆమె చెయ్యి గట్టిగ పట్టి మూయనియ్యలే. అది అమ్మదే అని నాకు ఎరికె. పీల్చొద్దని దమ్ము బిగబట్టిన. ఎంతసేపని బిగబడ్త మేడం? మళ్ళ పీల్చిన. మళ్ళ బిగబట్టిన. మళ్ళ పీల్చిన."

నాకు ఏడుపొచ్చింది. అది ఏడవలేదు. చేయి ఇంకా ముందుకు చాపి, పిడికిలి బిగించింది.

"తియ్యి మేడం. మాకు బస్సు పోతది."